నడుము పట్టీ

రాళ్లవాగు ఉపకేంద్రం, ములుగు జిల్లా
జూన్ 20

పెద్దనాయినకు, పెద్దమ్మకు గ్లోరీ వందనాలు.

నేను క్షేమం. ఇక్కడ ఫోన్ గోడ మీది క్యాలెండర్‌తో సమానం, తేదీ చూసుకోవడానికి తప్ప పనికిరాదు. సిగ్నల్ ఉన్నా నీ చెవికి ఫోన్‌లో మాట ఆనదు కాబట్టి మనకు పెద్ద నష్టమేమీ లేదు. మా హెల్త్ అసిస్టెంట్ జగదీశ్ సార్ ప్రతి గురువారం మండలానికి పోయి టపా తెస్తాడు. ఉత్తరాలే రాసుకుందాం. ఎట్లాగూ మిషన్ స్కూల్లో దిద్దిన నీ దస్తూరి, నర్సింగ్ చదివిన నా దస్తూరి కంటే నయం.

నాకు ఐదు గూడేలు అప్పజెప్పారు. నాలుగింటికి బండి పోతుంది. ఐదోది కొప్పుగుట్ట. పన్నెండు కిలోమీటర్లు కాలినడక, మధ్యలో మూడు వాగులు, పైన ఇరవై మూడు ఇళ్లు. నెలకు రెండుసార్లు టీకాల పెట్టె, మలేరియా కిట్లు, పిల్లలను తూచే త్రాసు, సెలైన్ సీసాలు, కాన్పు సామాను, మందులు అన్నీ మోసుకుని పోవాలి. పద్దెనిమిది కిలోలు. కొండలెక్కే సరదా ఉన్నవాళ్ల సంఘం ఒకటి హైదరాబాద్ నుంచి మాకు పెద్ద బ్యాగులు పంపింది. నాది నా నడుము దగ్గర మొదలై నెత్తి దాటిపోతుంది. దానికున్న పట్టీలు లెక్కపెట్టాను, పద్నాలుగు. ఏది ఎందుకో చెప్పే కాగితం ముక్క లేదు.

మొన్న మొదటిసారి ఎక్కాను. నేను బ్యాగును మోశానో, బ్యాగే నన్ను ఈడ్చిందో తెలియలేదు. ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన హమాలీ ఇంట్లో పెరిగిన పిల్ల పద్దెనిమిది కిలోలకు చతికిలపడిందని నలుగురికీ తెలిస్తే నీ పరువే పోతుంది. నాయిన పోయిన ఈ పదిహేడేళ్లలో నాకు ఏం కావాలన్నా నిన్నే అడిగాను. ఇప్పుడూ అడుగుతున్నా: బరువు వీపు మీద ఎట్లా కూర్చోవాలి? బ్యాగు బొమ్మ గీసి పట్టీలకు నంబర్లు వేశాను. చూసి చెప్పు.

నీ బిడ్డ
గ్లోరీ


జహీరాబాద్
జూలై 2

ప్రియమైన బిడ్డ గ్లోరీకి, ప్రభువు నామంలో పెద్దనాయిన దీవెనలు.

ఉత్తరం అందింది. మీ పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఇక్కడ వానలు మొదలైనాయి. కోహీర్ వైపు అల్లం పెట్టడం అయిపోయిందట. మార్కెట్లో ఇప్పుడు పని తక్కువ. అయినా పొద్దున్నే పోయి శరణప్ప మేస్త్రి పక్కన కూర్చుని వస్తున్నాను. పని మానేసినా కాళ్లు అటే పోతాయి.

నీ బొమ్మ చూశాను. బ్యాగు ఏదైనా బరువు బరువే. బరువైన సామాను వీపుకు ఆనుకుని ఉండాలి. తేలికవి బయటికి పెట్టు. బ్యాగు కిందికి వేలాడితే నడక చెడుతుంది, అందుకని భుజాల పట్టీలు గట్టిగా లాగి మెడ కిందికి ఎత్తిపెట్టుకో. కొంచెం ముందుకు వంగి నడువు. ఎత్తే ముందు ఒకసారి కుదిపి చూడు. లోపల ఏదైనా కదిలితే దాన్ని సర్దిన తర్వాతే ఎత్తు.

ఇక ఏడో నంబరు పట్టీ, నడుముకు చుట్టి బిగించేది. దాన్ని కోసెయ్యి. హమాలీ అనేవాడు బరువును ఒంటికి కట్టుకోడు. పట్టుకున్న బరువును వదిలెయ్యొచ్చు, కట్టుకున్న బరువు మనల్ని వదలదు. వాగులో కాలు జారిందనుకో, అది నిన్ను అడుక్కి పట్టుకుపోతుంది. విప్పి ఉంచుకుంటాను అని రాయకు. ఉంటే ఏదో ఒకరోజు కట్టుకుంటావు. బ్లేడు పెట్టి కోసేసి, కోశానని నాకు ఉత్తరం రాయి. నా మాట విను.

గుండయ్య


రాళ్లవాగు
జూలై 28

పెద్దనాయినకు వందనాలు.

కోసేశాను. నీ ఉత్తరం చదివిన రోజే కోశాను. మందంగా, లోపల దూదిలాంటిది పెట్టి కుట్టిన పట్టీ అది. రెండు బ్లేడులు మొద్దుబారాయి. జగదీశ్ సార్ చూసి, "మంచి బ్యాగును ఖరాబు జేస్తున్నవ్ గదా సిస్టర్" అన్నాడు. "మా పెద్దనాయిన ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు, మీరు ఒక్క బస్తా మోసిన్రా?" అన్నాను. రెండో బ్లేడు ఆయనే తెచ్చిచ్చాడు.

నువ్వు చెప్పినట్టే సర్దుకుని రెండుసార్లు ఎక్కాను. నడక మెరుగైంది. మొదటిసారి ఆరు గంటలు పట్టింది, ఇప్పుడు నాలుగున్నర. భుజాలు మాత్రం కందిపోయాయి. పట్టీలు పడిన చోట రెండు ఎర్రటి గీతలు తేలుతున్నాయి. అలవాటయ్యే దాకా అంతే అనుకుంటున్నా.

కొప్పుగుట్టలో నాకు ఒక స్నేహితురాలు దొరికింది, నారమ్మ. నా వయసే. మొదటి కాన్పు, ఏడో నెల. గూడెం చివర బండ మీద కూర్చుని నా కోసం ఎదురుచూస్తుంది. నేను వంగి నడవడం చూసి, "ఏం పారేసుకున్నవక్కా, కిందికే సూస్తవ్?" అని నవ్వుతుంది. పోయినసారి ఆమెకు సూది వేస్తుంటే నా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. కాసేపటికి సర్దుకున్నాయి. పెద్దమ్మకు చెప్పకు, ఊరికే బుగులు పెట్టుకుంటుంది.

గ్లోరీ


జహీరాబాద్
ఆగస్టు 10

ప్రియమైన గ్లోరీకి దీవెనలు.

కోశావని చదివి నా గుండె బరువు దిగింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

తిమ్మిరి సంగతి మీ పెద్దమ్మకు చెప్పొద్దన్నావు కానీ ఉత్తరం చదివి వినిపించేవాణ్ని నేనే కదా, నోరు జారాను. "పోరికి చేతులు పోతే సూదెట్ల ఏస్తది? దాని నౌకరి ఆ చేతుల్లనే ఉన్నదాయె" అని రెండు రోజులు నన్ను నిలబడనివ్వలేదు. ఆమె మాటకేం గానీ, మొదటి ఏడాది నాకూ ఉండేది. తువ్వాలను నాలుగు మడతలు పెట్టి పట్టీ కింద వేసుకో. అరగంటకోసారి దించి చేతులు విదిలించు. పొద్దున, సాయంత్రం కొబ్బరినూనె రాయి. ఒళ్లు కాయ కాసేదాకా ఇబ్బందే, తర్వాత అదే మోస్తుంది.

మరీ బరువైతే సామానులో కొంత తగ్గించుకో. ఒకేసారి అంతా మోయమని నీ మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

ఆదివారం గుడిలో బైబిలు పాఠం నేనే చదివాను. నీ కోసం సంఘమంతా ప్రార్థన చేసింది.

గుండయ్య


రాళ్లవాగు
సెప్టెంబర్ 15

పెద్దనాయినకు.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగో తేదీన కొప్పుగుట్టకు బయలుదేరాను. తువ్వాలు మడతపెట్టినా, నూనె రాసినా, నెల రోజులుగా కుడి భుజం పైకి లేవడం లేదు. మొదటి వాగు దాటగానే చేయి మొద్దుబారిపోయింది. నువ్వు చెప్పావు కదా, తగ్గించుకోమని. వాగు పక్క ఇంట్లో సెలైన్ సీసాలు నాలుగూ, కాన్పు సామానూ దించేశాను. నారమ్మకు ఇంకా మూడు వారాలు ఉంది, వచ్చేసారి తీసుకుపోవచ్చు అనుకున్నాను.

నేను పైకి చేరేసరికి నారమ్మకు నొప్పులు వస్తున్నాయి. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. టీకాల పెట్టెలో ఉన్న ఇంజక్షన్ ఇచ్చాను. అది ఇవ్వడానికి కూడా సిరంజిని ఎడమచేత్తో పట్టుకున్నాను, పెద్దనాయినా. కుడిచేతి వేళ్లకు సూది ఉందో లేదో తెలియడం లేదు. నరానికి ఎక్కించాల్సిన సెలైనేమో ఆరు కిలోమీటర్ల కింద ఉంది. మంచాన్ని కర్రలకు కట్టి నలుగురు మగవాళ్లు ఐదు గంటలు మోశారు. దారిలో నారమ్మ రెండుసార్లు కళ్లు తేలేసింది. వాగు దగ్గరికి వచ్చాక సీసా పెట్టగలిగాను. జిల్లా దవాఖానలో మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది. బతికింది కాబట్టే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

మర్నాడు మండలానికి, బ్యాగులు పంపిన సంఘం నుంచి మదన్‌మోహన్ అనే పెద్దాయన వచ్చాడు, బ్యాగులు ఎట్లా వాడుతున్నామో చూద్దామని. నా బ్యాగు ఎత్తి చూసి, "అమ్మా, దీని నడుము పట్టీ ఎవరు కోశారు?" అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన కోప్పడలేదు. పిల్లల పొడుగు కొలిచే నా టేపు అడిగి తీసుకుని, మెడ కింద పొడుచుకువచ్చే ఎముక నుంచి నడుము ఎముక దాకా నా వీపు కొలిచాడు. పదహారు అంగుళాలు. బ్యాగు ఇరవైకి పెట్టి ఉంది, ఆరడుగుల మనిషికి. భుజాల పట్టీలు తగిలించిన లోపలి పట్టాను కిందికి జరిపి నా కొలతకు తెచ్చాడు. ముందు అన్ని పట్టీలూ వదులు చేయాలట. నడుము పట్టీని తుంటి ఎముక పైఅంచు మీద బిగించాలట. ఆ తర్వాతే భుజాల పట్టీలు, చివర భుజం మీది చిన్న పట్టీలు. బరువులో ముప్పాతిక నడుము ఎముక మోస్తుందట, భుజాలకు పట్టుకునే పనే తప్ప మోసే పని ఉండదట. వాగు వచ్చినప్పుడు మాత్రం నడుము పట్టీ విప్పుకుని దాటాలట. బొటనవేలితో నొక్కితే చాలు, విడిపోతుంది.

నొక్కితే విడిపోయేదాన్ని నన్నెందుకు కోయమన్నావు?

గ్లోరీ


జహీరాబాద్
సెప్టెంబర్ 27

గ్లోరీకి దీవెనలు.

నారమ్మ బతికినందుకు దేవునికి స్తోత్రం. నీ తప్పేమీ లేదు.

ఆ పెద్దమనిషి చదువుకున్నవాడు, చెప్పినదాంట్లో నిజం ఉండొచ్చు. కానీ కొండలెక్కే సరదా వేరు, బతుకు కోసం మోయడం వేరు. మా పద్ధతి మాది. హమాలీలు ఎవరూ కట్టుకోరు, అదే నీకు చెప్పాను. ఇందులో ఇంకేమీ లేదు.

నువ్వు బదిలీకి దరఖాస్తు పెట్టుకో. మన దగ్గర మొగుడంపల్లిలోనో, చిరాగ్‌పల్లిలోనో ఖాళీ ఉంటుంది. చెయ్యి పాడైన తర్వాత ఎవరూ చూడరు. మీ పెద్దమ్మ కూడా అదే అంటోంది.

గుండయ్య


రాళ్లవాగు
అక్టోబర్ 12

పెద్దనాయిన గారికి.

బదిలీకి కాగితం రాశాను. సంతకం పెట్టలేదు. ఈ నెల ఎక్కడం మానేశాను, జగదీశ్ సార్ ఒక్కడే పోయి వచ్చాడు. కొప్పుగుట్టలో ఇంకో ఇద్దరు గర్భిణులు ఉన్నారు. నేను వెళ్లిపోతే ఈ కుర్చీలోకి ఎవరు వస్తారో, ఎన్నాళ్లకు వస్తారో తెలియదు. నేను ఇక్కడ ఉండాలా పోవాలా అన్నది నా చేతి మీద ఆధారపడి ఉంది. అందుకే మీరు "ఇంకేమీ లేదు" అని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. నేను మీ దగ్గర పెరిగినదాన్ని. మీరు అబద్ధం చెప్పేటప్పుడు మాటలు తక్కువ చేస్తారు.

నిన్న స్నానం చేసి అద్దంలో చూసుకున్నాను. భుజాల మీది గీతలు నల్లబడ్డాయి. వాటిని చూస్తుంటే నాకు నాయిన గుర్తొచ్చాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆయనకు చివరి స్నానం చేయిస్తుంటే నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. ఛాతీకి అడ్డంగా ఒక గీత ఉంది, వేలంత వెడల్పున, మెలికలు మెలికలుగా. కడుపు మీద ఇంకోటి. నేను అమ్మ లేని పిల్లను, అడగడానికి ఎవరూ లేరు. మిమ్మల్ని అడిగితే, "పడ్డప్పుడు దెబ్బ తగిలింది బిడ్డా" అన్నారు.

నేనిప్పుడు నర్సును. పడితే తగిలే దెబ్బ అట్లా ఉండదు. అది తాడు గీత.

హమాలీలు ఎవరూ ఒంటికి కట్టుకోరని మీరే రాశారు. మరి మా నాయిన ఒంటి మీద తాడు గీత ఎందుకుంది?

గ్లోరీ


జహీరాబాద్
అక్టోబర్ 30

గ్లోరీకి.

"మీరు" అని రాశావు. అడిగే హక్కు నీకుంది. ఇన్నాళ్లూ నీ నుంచి దాచినది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడు జూలైలో మీ నాయిన ప్రేమ్ కుమార్ కుడి మణికట్టు మీద బస్తా పడింది. ఎముక విరగలేదు కానీ వాచిపోయింది. బస్తా చెవులు పట్టుకునే పట్టు లేదు. పది రోజులు ఇంట్లో కూర్చున్నాడు. పదకొండో రోజు పొద్దున నా వెంట వచ్చేశాడు. "ఊకె కూసుంటే పిచ్చి లేస్తున్నదన్నా, ఏదో ఒక పని ఇయ్యి" అన్నాడు. హైవే పక్కన ఒక గోదాంలో కందుల బస్తాలు లారీకి ఎక్కించే పని. చెయ్యి పట్టనివాడు ఎట్లా మోస్తాడు అని శరణప్ప వద్దన్నాడు. ఇంటికి పంపెయ్యమన్నాడు.

నేనే ఉపాయం చెప్పాను. పట్టుకోలేకపోతే కట్టుకుంటాడు అన్నాను. బస్తాను వాడి వీపు మీద పెట్టి, తాడు చంకల కింద నుంచి తెచ్చి ఛాతీ మీద ముడివేశాను. ఇంకో చుట్టు నడుముకు తిప్పాను. తాత ముత్తాతల నుంచి ఎవరూ చేయని పని. వద్దని మా నాయిన నా చెవిలో నూరిపోసిన పని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు బస్తాలు బాగానే ఎక్కించాడు. మూడోదానికి చినుకులు పడ్డాయి. గోదాం గట్టు నుంచి లారీకి వేసిన పలక తడిసింది. కాలు జారింది. వేరే ఎవడైనా అయితే బస్తా వదిలేసి పలక పట్టుకునేవాడు. వీడు వదలలేకపోయాడు. బస్తా వీణ్ని కిందికి లాగింది, తల గట్టు అంచుకు తగిలింది. నేను దూకి ముడి విప్పబోయాను. వానకు తాడు బిగుసుకుపోయింది. నా వేళ్లకు రాలేదు. శరణప్ప కొడవలి తెచ్చి కోశాడు. అప్పటికే అయిపోయింది.

తాడును నేను లుంగీలో దోపుకున్నాను. "చేయి పట్టు తప్పిందని చెప్దాం" అని శరణప్ప చేతులు పట్టుకుని అడిగాను. ఆయన ఈనాటి దాకా ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దమ్మకు తెలియదు. పాఠం చదువుతాను కానీ ఆనాటి నుంచి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి నేను ప్రభువు బల్ల దగ్గరికి పోలేదు. మోకాళ్లు వంగక అని ఆమె అనుకుంటుంది.

నీ బొమ్మలో ఆ ఏడో నంబరు పట్టీ చూడగానే నా కళ్లకు తాడు కనిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు. అది నొక్కితే విడిపోతుందా అని ఒక్క మాట అడగలేదు. మీ నాయినను కట్టి చంపాను. నిన్ను కట్టుకోనివ్వక నీ చేయి పాడుచేశాను. నారమ్మ ప్రాణం మీదికి తెచ్చాను.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. స్కూలు బ్యాగులు కుట్టే హరికృష్ణ దుకాణంలో కూర్చుని నువ్వు రాసిన తీరుగా కొత్త నడుము పట్టీ కుట్టించాను. మెత్తగా ఉండటానికి మందపాటి స్పాంజి పెట్టించాను. మధ్యలో నొక్కే గుండీ ప్లాస్టిక్‌ది. దాన్ని నేను పరీక్ష చేశాను. ఎడమచేత్తో నొక్కాను. కళ్లు మూసుకుని నొక్కాను. బరువు కట్టి వెల్లకిలా పడుకుని నొక్కాను. బకెట్లో నీళ్లు పోసి ముంచి, నానిన తర్వాత నొక్కాను. ప్రతిసారీ విడిపోయింది. కట్టుకోమని చెప్పే నోరు నాకు లేదు. నీ ఇష్టం.

గుండయ్య


రాళ్లవాగు
డిసెంబర్ 5

పెద్దనాయిన గారికి.

మీ ఉత్తరం అంది నెల కావస్తోంది. మొదట పొయ్యిలో వేద్దామనుకున్నాను. వేయలేదు. నా ఫీజులు కట్టింది మీరు. నాకు జ్వరం వస్తే వీపు మీద వేసుకుని దవాఖానకు పరుగెత్తింది మీరు. ఆ మనిషి మీదే కోపం తెచ్చుకోవాల్సి వస్తే ఎట్లా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

పట్టీని దబ్బనంతో బ్యాగుకు కుట్టుకున్నాను. నవంబర్‌లో రెండుసార్లు కొప్పుగుట్టకు పోయివచ్చాను, మొత్తం సామానుతో. మదన్‌మోహన్ గారు చెప్పిన వరుసలోనే బిగించాను. మొదటి వాగు దగ్గర గుండీ నొక్కాను, విడిపోయింది. దాటి మళ్లీ పెట్టుకున్నాను. భుజాల మీద రెండు వేళ్లు పట్టే సందు ఉంది. ఉంగరపు వేలికి స్పర్శ వచ్చింది. చిటికెన వేలికి ఇంకా రాలేదు. జిల్లా దవాఖాన డాక్టరు వస్తుందనే అన్నాడు. బదిలీ కాగితం చింపేశాను. నారమ్మ కూతురికి నాలుగు కిలోలు దాటింది.

ఒక్క సంగతి అడుగుతాను. దీనికి ఉన్నదున్నట్టు జవాబు కావాలి. మీరు తాడు కట్టాక మా నాయిన ఏమన్నాడు? మీరు అంతా రాశారు, ఆయన మాట ఒక్కటీ రాయలేదు. ఆయన గొంతు నాకు గుర్తులేదు. భయపడ్డాడా? వద్దన్నాడా? వద్దంటున్నా కట్టారా?

గ్లోరీ


జహీరాబాద్
డిసెంబర్ 16

గ్లోరీకి.

వద్దనలేదు. వద్దని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. తాడు కట్టిన సంగతి రాయగలిగాను కానీ ఈ మాట రాయలేకపోయాను. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ముడివేసి వదిలాక మీ నాయిన నాలుగడుగులు వేశాడు. భుజాలు కదిలించి చూసుకున్నాడు. పది రోజుల తర్వాత మొదటిసారి వాడి ముఖంలో నవ్వు చూశాను. వెనక్కి తిరిగి, "అన్నా, మంచిగ కూసున్నదే! బరువే తెలుస్తలేదు. గింత సుఖమని తెలుస్తే ముందుగాల్నే కట్టించుకుందు" అన్నాడు.

చిన్నప్పటి నుంచీ పనిలో నాకంటే వాడే చురుకు. వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను పొంగిపోయాను. "ఆగుర తమ్మీ" అని పిలిచి, తాడు ఇంకో చుట్టు తిప్పి, ముడి మీద ముడి వేశాను. విప్పలేకపోయింది ఆ రెండో ముడినే.

ఆ తర్వాత ఎవరి ఒంటికీ నేను ఏదీ కట్టలేదు. మీ పెద్దమ్మ చేతికి కట్టు కట్టాల్సి వచ్చినా పక్కింటి వాళ్లను పిలిచాను.

గుండయ్య


రాళ్లవాగు
జనవరి 3

పెద్దనాయినా,

వందనాలు. క్రిస్మస్ పండుగకు రాలేకపోయాను. ఇరవై నాలుగో తారీఖున కొప్పుగుట్టలో కాన్పు చేశాను. మగపిల్లవాడు. తల్లి క్షేమం. సెలైన్ రెండు సీసాలు పట్టింది. కుడిచేత్తోనే పెట్టాను.

నీ ఉత్తరం అక్కడికి తీసుకుపోయాను. నారమ్మ బండ మీద కూర్చుని చదువుకున్నాను. గట్టిగా ఏడ్చాను. తర్వాత నాయిన మాటను పైకి అని చూశాను, "మంచిగ కూసున్నదే" అని. పదిహేడేళ్లకు ఆయన మాట ఒకటి నాకు దొరికింది. అది నువ్వు దాచిపెట్టుకున్నందుకు కోపం వచ్చింది, ఇంకా ఉంది. నీకు అబద్ధం రాయను.

నేను కూడా మోసేదాన్నే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. బరువు తెలియలేదని నాయిన అన్నాడంటే నువ్వు సరిగ్గానే కూర్చోబెట్టావు. వాచిన చేతికి ఆ రోజు నొప్పి లేకుండా చేశావు. ముడి తప్పు. రెండో ముడి ఇంకా పెద్ద తప్పు. నువ్వు ఏ తప్పూ చేయలేదని నేను అనలేను. తమ్ముణ్ని చంపావని కూడా అనలేను, ఇంకెప్పుడూ ఆ మాట రాయకు.

పెద్దమ్మకు నువ్వే చెప్పు. చెప్పి, ఇద్దరూ కలిసి ఇక్కడికి రండి. ములుగు బస్టాండులో జగదీశ్ సార్‌ను నిలబెడతాను.

నాకు నీతో పని ఉంది. నడుము పట్టీ నేనే పెట్టుకుంటున్నాను కానీ, భుజాల మీది చిన్న పట్టీలు సమంగా లాగడానికి వెనక ఒక మనిషి ఉండాలి. జగదీశ్ సార్ లాగితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అవుతుంది. ముప్పై ఏళ్లు బరువు చూసిన కన్ను కావాలి. ఒక్క పూట నువ్వు నా వెనక నిలబడి పట్టీలన్నీ నీ చేత్తో బిగించి చూపించాలి, నడుముది కూడా.

చేతులు వణుకుతాయని రాస్తావు. నాకు తెలుసు. వణకనీ. ఎంతసేపైనా పట్టనీ. నువ్వు కట్టడం అయ్యేదాకా నేను కదలకుండా నిలబడతాను.

నీ బిడ్డ
గ్లోరీ